గింజ కట్టనివ్వని చెయ్యి

అఫ్జల్‌గంజ్‌లో డిటెక్టివ్ విమలాదేవి ఆఫీసు మెట్లెక్కి వచ్చిన షఫీఉద్దీన్, కుర్చీ చూపించకముందే చేతులు జోడించాడు. ముసలాయన లక్క గాజుల పనివాడు.

"పొద్దుగాల నమాజుకు పోయి వచ్చేసరికి తీగలు బోడిగ ఉంటున్నయమ్మా. పువ్వులు పోతే పోనీ, కాయలు గూడ కోస్తున్నరు. ఒక్క గింజన్న దక్కకపోతే నా కొడుకు మళ్ల సచ్చినట్టే."

కొడుకు ఒవైస్ నర్సరీలో పనిచేసేవాడు. నాలుగేళ్లపాటు ఘాటైన వాసనున్న స్వీట్‌పీ పూల తీగల గింజలే ఏరి, మళ్లీ మళ్లీ వేసి, తనదంటూ ఒక రకం తీశాడు. ఉన్న గింజలన్నీ అక్టోబరులో యాకుత్‌పురా ఇంటి వాకిట్లో నాటాడు. నవంబరులో లారీ కింద పడి చనిపోయాడు. ఇప్పుడు జనవరి చివర. కాయ ముదరడానికి నెలన్నర కావాలి, ఎండలు ముదిరితే తీగే మాడిపోతుంది.

"పైన కిరాయికుండే రిజ్వాన్ లాడ్ బజార్ల పూలగుత్తులు అమ్ముతడు. వాడే ఈ పని చేసిండు. ఇయ్యాలనే వాని సామాన్లు బయటేస్త."

"ఒక్కరోజు ఆగండి," అంది విమలాదేవి.

ఆ సాయంత్రం ఆమె, అసిస్టెంటు డానియేలు వాకిట్లో నిలబడ్డారు. ప్రతి కాడా మొదట్లోనే కత్తెరతో శుభ్రంగా కోసి ఉంది. గోరంత పిందె కూడా మిగల్లేదు. డానియేలు అప్పటికే రిజ్వాన్‌ను మనసులో జైల్లో పెట్టేశాడు.

"నాకు పువ్వు పనికొస్తది మేడం, కాయ ఏం చేస్కోను?" అన్నాడు రిజ్వాన్. "ఒవైస్ భాయ్ జనాజా మోసినోన్ని నేను."

ఒవైస్ భార్య అలీనా తెర వెనక నుంచే జవాబిచ్చింది. ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు వాకిలి గేటు దాటకూడదు. మామ నమాజుకు వెళ్లగానే గొళ్లెం పెడుతుందట, పాల బాలమ్మ వస్తేనే తీస్తుందట.

తెల్లారి డానియేలు బాలమ్మ వెనకాలే కనబడకుండా తిరిగి ఆఫీసుకొచ్చాడు. "ఏం లేదు మేడం. అయిదారిళ్లలో పాలు పోసింది. కబరస్తాన్ గేటు దగ్గర సమాధుల కావలి తాతకూ పోసింది."

"ఏ గిన్నెలో?"

డానియేలు తల గోక్కున్నాడు. తాత చేతిలో గిన్నె చూసిన గుర్తు లేదు. విమలాదేవి అప్పుడే లేచి చెప్పులేసుకుంది. ఈవిడకు ఏదో దొరికిందని అతనికి అర్థమైంది, అదేమిటో మాత్రం బోధపడలేదు.

గంటలో అందరూ వాకిట్లో చేరారు.

"పూలదొంగ కాయల జోలికి పోడు," అంది విమలాదేవి. "కాయ నిలిస్తే తీగ పూత ఆపేస్తుంది. ఇంకా ఇంకా పూయాలనుకునేవాళ్లే పిందెలు కోస్తారు. ఆ సంగతి ఒవైస్ ఇంట్లో ఎవరికి చెప్పి ఉంటాడు? బయటికి పోలేని మనిషి పూలు ఎవరి చేత పంపిస్తుంది? బాలమ్మా, పాల క్యానులో ఏం తీసుకుపోతున్నావు?"

బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ బిడ్డ ఏడుస్తుంటే కాదనలేకపోయిన బాపు. కబరు మీద పెట్టమని తాతకిచ్చి వస్తున్న. నేను లోపలికి పోలే."

షఫీఉద్దీన్ తెర వైపు తిరిగాడు. "అలీనా, వాని గింజలు నువ్వు పోగొట్టినవా?"

"ఒక్క కాయ గూడ ఉంచొద్దని ఆయనే చెప్పిండు అబ్బాజాన్. వేరే గింజలు లేవని నాకేం తెల్సు? మీరు నాతోని మాట్లాడి రెండు నెలలాయె."

ముసలాయన తీగల దగ్గరికి పోయి, కోసిన కాడలను ఒక్కొక్కటే తడిమి చూశాడు. డానియేలుకు చూడబుద్ధి కాలేదు.

"ఇంకా ఆలస్యం కాలేదు," అంది విమలాదేవి మెల్లగా. "రెండు తీగలు గింజకు వదిలెయ్యండి. మిగతావి కోసుకోమ్మా. కాయ కట్టిన తీగే పూత ఆపుతుంది, పక్కది పూస్తూనే ఉంటుంది."

తెర కొంచెం కదిలింది.

"అబ్బాజాన్, ఆయన పండుకున్న తాన నీడ ఉందా? ఎవరిని అడగాల్నో తెల్వలే."

కొడుకుకు మట్టి వేసిన రోజున షఫీఉద్దీన్ కళ్లకు ఏదీ కనబడలేదు. ఆ తర్వాత అటువైపు పోనేలేదు.

"తెల్వదు బిడ్డా," అన్నాడు. "ఇప్పుడే పోయి చూసొస్త."

వట్టి కాళ్లతోనే గేటు దాటాడు. రిజ్వాన్ ఆయన చెప్పులు అందుకుని వెనకాలే పరుగెత్తాడు.