అప్పలకొండ పోసిన నీళ్లు

నీలవేణికి అన్నిటికన్నా పెద్ద భయం, బిడ్డకి దెబ్బ తగిలినా తనకి తెలియకపోవడం.

ఆ ఉదయం కూడా వీధిలో ఒక్క పసిబిడ్డ ఏడుపు లేదు. నొప్పి తెలియకుండా చేసే కణద్వారాలు వచ్చి పదకొండేళ్లయింది. పుట్టిన మూడో రోజే సూది వేసేస్తారు. పెరట్లో పిన్ని వరసయ్యే అప్పలకొండ పీట మీద కాళ్లు చాపుకుని, నీలవేణి కూతురు నాలుగు నెలల ఇందుజని బోర్లా పడుకోబెట్టి నీళ్లు పోస్తోంది. ఆవిరి లేస్తోంది.

"కాసిని చన్నీళ్లు కలుపు పిన్నీ."

"ఏటే, నాకే సెప్తన్నావా? నిన్నూ ఈ కాళ్ల మీదే ఏసి పోసేను, ఉడికిపోయేవేటి? నా సెయ్యికి ఎచ్చగానే ఉన్నాయి. పిల్ల ఎలా నవ్వుతందో సూడు!"

పూర్వం ఆమె నీళ్ల వేడిని బిడ్డ గొంతుతోనే కొలిచేది. కేర్‌మంటే ఓ చెంబు చన్నీళ్లు కలిపేది. ఇప్పుడు కేర్‌మనే బిడ్డే లేదు. నీలవేణి కూడా ఆ నవ్వునే నమ్మింది.

ఒళ్లు తుడవబోతే వీపు మీది చర్మం తువ్వాలుతో పాటు ఊడి వచ్చింది. ఇందుజ బోసినోటితో ఇంకా నవ్వుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు స్వరం పెంచలేదు. "ద్వారం తప్పేమీ లేదమ్మా. నొప్పి నరంలో కణం పొర మీద వోల్టేజీ హద్దు దాటింది. ద్వారం తెరుచుకుని పొటాషియాన్ని బయటికి వదిలింది. నొప్పి కబురు మెదడుకి చేరకుండానే చల్లారింది. దాని పని అదే. నీళ్లు పోసినావిడదే అజాగ్రత్త."

గుమ్మం అవతల నిలబడ్డ అప్పలకొండ ఆ మాట విని, చేతులు కొంగులో దాచుకుని వెళ్లిపోయింది.

నీలవేణి డాక్టరు వైపు తిరిగింది. "ఆవిడ అరచేతులు చూశారా? అవీ బొబ్బలే! కీళ్లనొప్పులని పోయిన నెల ఆవిడకీ అవే ద్వారాలు వేసింది మీరే కదా?"

"రెండూ ఒక్కచోట కలుస్తాయని మేం ఊహించలేదు."

"ఊహించలేదా? తొమ్మిదిలో బడి మానేసిన దాన్ని, నాకు తోస్తోంది, మీకు తోచలేదా? పసిదానికి చెప్పుకోడానికి ఉన్నదల్లా ఒక్క ఏడుపు. అదీ లాక్కున్నారు! తీసెయ్యండి ఆ ద్వారాలు."

"తీయడం కుదరదమ్మా. కణంలో కలిసిపోయాయి. ఇదిగో ఉష్ణమాపకం, నీళ్ల వేడి దీంతో చూసుకోండి."

ఆ యంత్రాన్ని నీలవేణి అతని బల్ల మీదే విసిరికొట్టింది.

ఇందుజ బతుకుతుంది. కానీ ఇంకా పది రోజులు నీలవేణి ఆసుపత్రిలో బిడ్డ పడక వదలడానికి వీల్లేదు. ఫోను చేసిన ప్రతిసారీ అప్పలకొండది ఒకటే మాట: "బాగానే ఉన్నానే. పిల్లని సూసుకో." ఆ చేతులకి చీము పట్టినా ఆమెకు తెలియదు.

అప్పలకొండ ఉండేది లైట్‌హౌస్ వెనక వీధి, మూడో ఇల్లు. అటు వెళితే తలుపు తట్టండి. బాగానే ఉన్నానంటే నమ్మకండి, చేతులు చూపించమనండి.