సామ్యేల్ వచ్చిన రోజే ఆగే మిషను

“ఆ నోట్‌బుక్ ఇటియ్యుండ్రి,” అంది రాహేలు.

సామ్యేల్ దాన్ని వెనక్కి దాచుకున్నాడు. దాంతో ఆమె అనుమానం ఇంకా గట్టిపడింది.

1995 వానాకాలం. గోదావరిఖనిలోని ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాహేలు ల్యాబ్ ఇన్‌చార్జి. ఒక పెద్ద మిషను, దానికి తగిలించిన తెరా కీబోర్డుల టెర్మినళ్లు ఎనిమిది; అందరి పనీ ఆ ఒక్క మిషను మీదే. నెల రోజులుగా ఆ మిషను ఉన్నట్టుండి ఆగిపోతోంది. సామ్యేల్ బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. సెకండ్ షిఫ్టు వారాల్లో పొద్దున క్లాసుకు వస్తాడు. అతను వచ్చిన రోజే ఆగుతోంది.

“శనివారం పరీక్షల గిట్ల ఆగిందో, నువ్వన్న ఉండాలె, ఆ పిలగాడన్న ఉండాలె,” అనేశాడు ఓనరు లింగమూర్తి.

పైగా సామ్యేల్ ఆమెను ఓరకంట చూస్తాడు. చూసి ఏదో రాసుకుంటాడు.

నోట్‌బుక్ లాక్కుని తెరిచింది. మిషను ఆగిన తారీఖులు, టైములు. ప్రతి వరసలోనూ రాహేలు పేరే.

“ఏందిది?”

“నాకు మీమీదనే డౌటు మేడం. తొమ్మిదిన్నరకు మీరు ఏదో కొడ్తరు, మిషను ఆగుతది. అయిదుసార్లు చూసిన.”

తొమ్మిదిన్నరకు ఆమె వచ్చినవాళ్ల పేర్లు కొట్టి హాజరు వేస్తుంది. ఆ ప్రోగ్రాం ఆమే రాసింది.

“మీ పేరు మొత్తం మల్లోసారి చెప్పుండ్రి,” అంది, ఈసారి అక్షరాలు లెక్కపెట్టడానికి.

“గడ్డం దేవసహాయం సామ్యేల్ ప్రసన్నకుమార్.”

ఆమె ప్రోగ్రాంలో పేరుకు ఇచ్చిన జాగా ఇరవై అక్షరాలే. అతని పేరు కొట్టగానే ప్రోగ్రాం కూలిపోతోంది. ఎందుకు కూలిందో తర్వాత చూసుకోవడానికి సిస్టం దాని మెమరీనంతా ఒక ఫైలుగా డిస్కులో దాస్తోంది. అంతటితో చిన్న డిస్కు నిండి, ఎవరి పనీ సాగడం లేదు. మిషను మళ్లీ ఆన్ చేయగానే ఆ ఫైలు చెరిగిపోతోంది. అందుకే ఎవరికీ కనపడలేదు.

“అంటె ఎవలన్న కావాల్నని ఒక ప్రోగ్రాం పడగొడితె అందరి పని బందైతదా?” ఆమె వివరించగానే అడిగాడు సామ్యేల్.

“ఐతది. కాని పడగొట్టింది నేనే గద.”

“కావాల్నని నేనే పడగొట్టిన్నని సార్‌కు చెప్పుండ్రి. నాకు బాయిల నౌకరి ఉన్నది. మీకు ఇదొక్కటే.”

ఇంత మంచితనం ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. “మీకేం లాభం?”

సామ్యేల్ కిటికీలోంచి వాన వైపు చూశాడు. “లాభమేం లేదు. మీరు లేకపోతె నాకు ఈడికి రాబుద్ధి కాదు.”

రాహేలు నోట్‌బుక్ అతని చేతిలో పెట్టింది. తిన్నగా లింగమూర్తి గదిలోకి వెళ్లి తప్పు తనదేనని చెప్పింది. ఆయన తిట్టాల్సినంత తిట్టి, “శనివారం దాక చూస్త,” అన్నాడు.

పేరుకు అరవై అక్షరాల జాగా ఇచ్చింది. కూలిన ప్రోగ్రాం డిస్కు నింపకుండా సిస్టంకు హద్దు పెట్టింది. శనివారం హాజరులో అతని పేరు ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. పరీక్ష చివరిదాకా మిషను ఆగలేదు.

అందరూ వెళ్లాక సామ్యేల్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“రేపు చర్చి అయినంక మా అమ్మను మీ ఇంటికి పంపాల్నా?”

“ఎందుకు?”

“ఇంకా డౌటేనా?”

రాహేలు చెవులు ఎర్రబడ్డాయి. “ముందు మీరొక్కరే రాండ్రి. మా నాయన ఎవల్నీ జల్ది నమ్మడు.”

“మీ లెక్కనా?”

“నాకంటె ఎక్కువ.”

“అయితె ఫికర్ లేదు, నాకు అలవాటే,” అన్నాడు సామ్యేల్.

రాహేలు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.