చివరి బెంచీని పిలిచిన గొంతు

ఆ హాలుకి చెడ్డపేరు ఉంది. యూనివర్సిటీ గేటు ఎదురుగా జిరాక్సు షాపు నాది. కాపీలు తీస్తున్నంతసేపూ పిల్లలు నోరు కట్టుకోరు కదా, ఆ చెడ్డపేరు రోజూ ఎవరో ఒకరి నోట వింటూనే ఉంటాను. "సాయంత్రం క్లాసు అయ్యాక ఆ హాల్లో క్షణం కూడా ఉండకూడదు ఆంటీ… గోడల్లోంచి మాస్టారు పిలుస్తారు" అని ఒకడంటే, పక్కవాడు వెనక్కి తిరిగి చూసుకుంటాడు.

నేను నవ్వేసేదాన్ని. మీ మొహం, దెయ్యానికి ఇంకేం పనిలేదా అని కాగితాలు చేతిలో పెట్టి పంపేసేదాన్ని.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. మా వదిన ఆ యూనివర్సిటీలోనే లెక్చరరు. ఆ హాల్లో… హాల్లో కాదులెండి, దాని కింద… ఏం జరిగిందో ఆసుపత్రి మంచం మీద తన నోటితోనే చెప్పింది. పైన ఏం జరిగిందో పిల్లలు చెప్పారు. విన్నది విన్నట్టు చెబుతాను. మధ్యలో నాకు ఒళ్ళు మండితే మాత్రం ఓర్చుకోండి.

ముందు మాస్టారి సంగతి చెప్పాలి.

ఆయన్ని అందరూ సుద్దముక్క మాస్టారు అనేవారు. కొత్త హాలు కట్టి, గోడంత తెర పెట్టి, ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు తిరిగే కెమెరా పెట్టి, ఇకమీద పాఠాలన్నీ వీడియో తీయాల్సిందేనని పైనుంచి హుకుం వచ్చినప్పుడు ఆయన చాలా గొణిగారట. బోర్డు, సుద్దముక్క, ఎదురుగా పిల్లలు ఉంటే చాలదా అని. ఎవరు వింటారు? చివరికి అందరిలాగే ఆయనా కాలరుకి మైకు, నడుముకి అగ్గిపెట్టెంత పెట్టె తగిలించుకోవడం నేర్చుకున్నారు. ఒంటరి మనిషి. ఇంటికి రాలేదేమిటని అడిగేవాళ్ళు కూడా లేరు.

ఒక వానాకాలం సాయంత్రం ఆయన క్లాసు ముగించి వెళ్ళిపోయారు. నోట్సు రాసుకుంటూ నలుగురైదుగురు హాల్లోనే ఉండిపోయారు. కాసేపటికి… గోడల్లోంచి ఏవో చప్పుళ్ళు, ఆ తర్వాత మూలుగు.

తలలెత్తారు. హాల్లో ఎవరూ లేరు. కెమెరా మాత్రం దానంతట అది అటూ ఇటూ తిరుగుతోంది, ఎవరినో వెతుకుతున్నట్టు. ఆ తర్వాత మాస్టారి గొంతు — సన్నగా, తడిగా… "ఎవరైనా ఉన్నారా… చివరి బెంచీ పిల్లా… ఉన్నావా…"

చివరి బెంచీలో ఉన్న పిల్ల పుస్తకాలు వదిలేసి పరుగు. ఆమె వెనకే మిగతావాళ్ళు. మర్నాడు పొద్దున్నే హాలు ఊడ్చే ఆవిడ తలుపు తీసి, గోడలు ఊపిరి తీస్తున్నాయని చీపురు అక్కడే పారేసి వచ్చేసింది. మధ్యాహ్నానికి గానీ మాస్టారు దొరకలేదు. హాలు కింద స్టోరు గది ఉంటుంది, ఆ మెట్ల చివర తల పగిలి పడి ఉన్నారు. ఆ గది చూసుకునే స్టోరాయనే చూసి చెప్పాడు. వానకి మెట్ల మీద జారిపడ్డారన్నారు, అంతే. పోయిన మనిషి గొంతు హాల్లో తిరుగుతోందని ఊరంతా పాకింది.

ఆ పిల్లకి చివరిబెంచీ అనే పేరు అతుక్కుపోయింది. పరీక్ష తప్పి ఆ క్లాసులోనే మిగిలిపోయింది కూడా. పేరు చివరిబెంచీ గానీ, అప్పట్నుంచి కూర్చునేది మొదటి బెంచీలో, తలుపు పక్కన. మాస్టారు పిలిస్తే అందరికంటే ముందు బయటపడొచ్చని మా వదిన ఏడిపించేది.

ఆ పిల్లకంటే ఎక్కువ భయం స్టోరాయనకి. ఇంత మనిషి, తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు రాదు. అలాంటివాడు పట్టపగలు కూడా హాల్లో కాలు పెట్టేవాడు కాదు. మాస్టారి మాటెత్తితే నాలుక తడారిపోయేది. కేబులు కావాలన్నా, బ్యాటరీ కావాలన్నా లెక్చరర్లే కిందకి దిగి తెచ్చుకోవాలి. "అంత పిరికివాణ్ణి ఎక్కడా చూళ్ళేదే" అని వదిన, నేను పడీ పడీ నవ్వుకున్నాం.

ఇక మా వదిన. స్తంభాలు, వంతెనలు బరువుని ఎలా మోస్తాయో, ఎప్పుడు విరుగుతాయో చెబుతుంది. వీడియోలు చూపించి, ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూపించి, పిల్లల్ని ఊపిరి పీల్చుకోనివ్వదు. మతిమరుపు మాత్రం బోలెడు. ఒకసారి మైకు కట్టెయ్యకుండానే స్టాఫ్ రూముకెళ్ళి, నీళ్ళ మోటారు కట్టెయ్యలేదని మా అన్నయ్యని ఫోనులో దులిపేసింది. హాలంతా విన్నది. మర్నాడు మొదటి బెంచీలోంచి చివరిబెంచీ లేచి, "మేడమ్, సారు మోటారు కట్టేశారా" అని అడిగిందట.

ఆ సాయంత్రం కూడా వానే. బయట అప్పుడే చీకటి పడింది. తెర మీద ఒక స్తంభం నెమ్మదిగా నలిగిపోతున్న వీడియో వేసింది వదిన. సరిగ్గా పగులు పుట్టే చోట… తెర ఆరిపోయింది.

"కేబులు పోయినట్టుంది. కూర్చోండి, తెస్తాను" అని కిందకి వెళ్ళింది.

పిల్లలు కబుర్లలో పడ్డారు. ఎంతోసేపు కాలేదు — గోడల్లో ఏదో గీరిన చప్పుడు. ఆ తర్వాత దబ్బుమని ఒకటి. ఇంకొకటి. కబుర్లు ఆగిపోయాయి. కెమెరా గిర్రున తిరిగి, ఖాళీ వేదిక మీద ఆగి, మళ్ళీ తిరిగింది. గొంతు నులిమితే వచ్చే మూలుగు… "అమ్మా…" ఆడగొంతో మగగొంతో తెలియలేదు. ఆ వెంటనే ఒక మగగొంతు, వణుకుతూ —

"మళ్ళీ వచ్చావా మాస్టారూ…"

ఇంకెవరు ఉంటారు? బెంచీలు బోర్లాపడ్డాయి. చెప్పులు, సంచులు, ఫోన్లు ఎక్కడివక్కడే. ఒకరినొకరు తొక్కుకుంటూ బయటపడ్డారు. అందరికంటే ముందు చివరిబెంచీ.

కింద జరిగింది ఇది.

వదిన వెళ్ళేసరికి స్టోరు గది వెనక తలుపు బార్లా తీసి ఉంది. వానలో ఒక చిన్న వ్యాను. అందులో కొత్త ప్రొజెక్టర్లు, కొత్త కెమెరాలు. గదిలో వాటి అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకదాని మూత తెరిచే ఉంది. తొంగిచూస్తే లోపల ఇటుకలు.

"ఇదేంటయ్యా, ఇటుకలు పంపారేంటి వీళ్ళు?" అంది వదిన. పిచ్చిమొహం. కంపెనీవాడు మోసం చేశాడనుకుంది.

స్టోరాయన మెట్ల వైపు తలుపు మూసి గడియ పెట్టాడు. కెమెరా స్టాండు ఇనప కాలు తీశాడు.

మొదటి దెబ్బ భుజం మీద. "స్తంభం విరిగే ముందు లోపల ఒక చప్పుడు వస్తుందని పిల్లలకి చెబుతాను కదా… ఆ చప్పుడు నా ఒంట్లో విన్నాను" అంది వదిన నాతో. రెండోది మోకాలి మీద. కూలబడింది. మూడోది తల మీద, కళ్ళల్లోకి రక్తం. ఆమె ఏ కేబులు కోసం వచ్చిందో అలాంటిదే ఒకటి లాగి, గుండెల మీద మోకాలు ఆన్చి, మెడకి చుట్టి బిగించాడు. ఎవరి మీద చెయ్యి చేసుకున్నావురా దుర్మార్గుడా!

ఊపిరి అందడం లేదు. ఉన్న బలమంతా కూడగట్టుకుని "అమ్మా" అంది. అప్పుడు… పైకప్పు మీద నుంచి, ఒక్క క్షణం ఆలస్యంగా, పెద్దగా — "అమ్మా…"

వాడి చేతులు ఆగిపోయాయి. మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. "మళ్ళీ వచ్చావా మాస్టారూ…" అన్నాడు. అది కూడా పైనుంచి వాడికే తిరిగొచ్చింది. చెవులు మూసుకుని మూలకి పాకాడు.

వదినకి రెండూ ఒకేసారి అర్థమయ్యాయి. మాస్టారు జారిపడలేదు. తన కాలరు మైకు కట్టెయ్యలేదు, పైన హాలు గోడల స్పీకర్లలో అదే మోగుతోంది.

"స్టోరు గదిలో… చంపేస్తున్నాడు…" అంది. గొంతు నలిగిపోయి మాటలు గాలిలా వచ్చాయి. పైన పిల్లలు వింటారు, వస్తారు. తనకి తెలిసిన పిల్లలు, పేరుపేరునా తెలిసిన పిల్లలు. వింటోంది… బెంచీలు పడుతున్నాయి, కాళ్ళు పరిగెడుతున్నాయి. వస్తున్నారు అనుకుంది. ఆ అడుగులు మెట్ల వైపు రాలేదు. దూరమై, దూరమై… వాన చప్పుడు మిగిలింది.

"దెబ్బలకి ఏడవలేదే, దానికి ఏడ్చాను" అంది నాతో.

ఆ నిశ్శబ్దంలో వాడికి తెలివొచ్చింది. వదిన నడుము దగ్గర చిన్న పచ్చలైటు కనపడింది. దాన్నే చూస్తూ నెమ్మదిగా లేచాడు. ఇన్నాళ్ళూ తను దేనికి భయపడ్డాడో అప్పుడు తెలిసినట్టుంది వాడికి. ఇనప కాలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

వదినకి ఇక ఒక్క మాటకే టైముంది.

"చివరిబెంచీ… దెయ్యాన్ని కాదే… మోటారు కట్టెయ్యనాయన పెళ్ళాన్ని…"

పైన బార్లా వదిలేసిన హాలు తలుపులోంచి ఆ మాట బయట వానలోకి వినపడిందట. వాడు మైకు పీకి గోడకేసి కొట్టాడు. ఇంకో దెబ్బ వేశాడు. పక్కటెముకలు. ఇంకోటి వెయ్యడానికి చెయ్యెత్తాడు.

వెనక తలుపులోంచి ఎవరో వచ్చారు. వానకి ముద్దయిపోయి, చెప్పుల్లేకుండా. వదినకి కళ్ళల్లో రక్తం, సరిగ్గా కనపడలేదు. తెరిచిన పెట్టెలోంచి ఒక ఇటుక పైకి లేవడం మాత్రం చూసింది.

ఒక్క దెబ్బకే వాడు పడ్డాడు. ఇటుక ఆగలేదు. దవడ మీద, చేతి మీద, మళ్ళీ దవడ మీద. ప్రతి దెబ్బకీ చివరిబెంచీ ఒకటే మాట — "విన్నాను… విన్నాను… విన్నాను…" ఇటుక రెండు ముక్కలయినా చేతిలో మిగిలిన ముక్కతోనే కొడుతోంది. తన వేళ్ళే చితికిపోతున్నాయి, తెలియడం లేదు.

"చాలమ్మా" అంది వదిన. "చాలు… నేను ఉన్నాను."

అప్పుడు ఆగింది.

వాడు చావలేదు. దవడకి కట్టు కట్టించుకుని జైల్లో ఉన్నాడు. మాస్టారు కూడా అలాగే ఏదో కేబులు కోసం దిగి, అలాగే పెట్టె మూత తీశారట. వాడు కొట్టి, చనిపోయారనుకుని మెట్ల కింద పడేసి ఇంటికి పోయాడట. పోలీసులకి వాడే చెప్పాడు.

చివరిబెంచీ ఆసుపత్రికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. రెండు చేతులకీ కట్లు. కుర్చీ వేశాను, కూర్చోలేదు. మంచం కాళ్ళ దగ్గర నిలబడిపోయింది. వదిన ఆ పిల్లని నవ్వించాలని, "మీ సారు నిన్న కూడా మోటారు కట్టెయ్యలేదు తెలుసా" అంది. ఆ పిల్ల నవ్వలేదు.

"మేడమ్… ఆ రోజు మాస్టారి నడుముకి కూడా ఆ మైకు పెట్టె ఉంది కదా."

వదిన మొహంలో రంగు పోయింది.

"దెయ్యం పిలిచిందని అందరికీ నేనే చెప్పాను మేడమ్. ఆయన నన్నే పిలిచారు. ఉన్నావా అన్నారు. నేనున్నాను… నేను పరిగెత్తాక ఇంకా ఎంతసేపు పిలిచారో ఆయన."

ఇరవై నాలుగ్గంటలూ వాగే మా వదిన ఆ పిల్ల కట్టు చెయ్యి మెల్లగా దగ్గరికి తీసుకుంది, అంతే.

ఆ చిన్న పెట్టెలో బ్యాటరీ తెల్లారేదాకా వస్తుందని, ఆ పిల్ల వెళ్ళిపోయాక నాతో చెప్పింది. నాకు ఆ ఊడ్చే ఆవిడ గుర్తొచ్చింది. పొద్దున్నే తలుపు తీసి, గోడలు ఊపిరి తీస్తున్నాయని చీపురు పారేసి వచ్చేసింది కదా.

ఆయన్ని మధ్యాహ్నానికి గానీ ఎవరూ చూడలేదు.