చెక్కపట్టీ వెనక

అది మిట్టమధ్యాహ్నం... అయినా ఆకాశం కాటుక పూసుకున్నట్టు నల్లబడింది! దిక్కులు పిక్కటిల్లేలా ఉరుములు... పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది.

పడకగదిలో వడ్రంగి గోడవార మోకాళ్ల మీద కూర్చున్నాడు. మంచం మీద అతని చెల్లెలు జుట్టు విరబోసుకుని, తనది కాని గొంతుతో గుర్రుమంటోంది... మూడు నెలలుగా ఇదే నరకం! దానికి కారకుడు తానే. తనకు చెప్పకుండా పెళ్లి చేసుకుందన్న పంతంతో, మొగుణ్ణి వదిలి తిరిగొచ్చేస్తుందన్న మాంత్రికుడి మాట నమ్మి, ఆమె కాపురముంటున్న ఈ గదిలో గోడ అడుగున, నేలవారగా చెక్కపట్టీ బిగించేటప్పుడు దాని వెనక వాడిచ్చిన కపాల శకలం దాచాడు. అన్నయ్య కానుకగా చేసిపెట్టాడని ఆమె ఎంత మురిసిపోయిందో! అది తలుచుకుంటే అతనికి ఇప్పుడు అన్నం సయించడం లేదు.

గుమ్మంలో మాంత్రికుడు ప్రత్యక్షమయ్యాడు. రక్తవర్ణ నేత్రాలు... భస్మలేపనం... వికటాట్టహాసం!

"తియ్యరా ఆ పట్టీ. గోడ పెచ్చు ఒక్కటి రాలినా నీ చెల్లెలి ప్రాణం నాది. రాలకుండా తీసినా, చేసిన పని నీ నోటితో దానికి చెప్పందే నా కట్టు విడదు. చెప్పే మొహమేనా నీది?"

వడ్రంగి పనిలోకి దిగాడు. పట్టీకీ గోడకీ మధ్య రంగు అతుకును బ్లేడుతో కోశాడు. పలుచటి రేకు దూర్చాడు. గోడ నలగకుండా చిన్న చెక్కముక్క అడ్డం పెట్టి, పలుగును వెంట్రుకవాసి చొప్పున వంచాడు. మేకు కిర్రుమంది... చెల్లెలు కెవ్వుమంది! పలుగు జారితే అంతే సంగతులు. ఊపిరి బిగబట్టి తర్వాతి మేకు దగ్గరికి జరిగాడు. చివరికి ఏడో మేకూ వదిలింది. పెచ్చు రాలలేదు.

పట్టీ వెనక నల్లదారంతో కట్టిన ఎముక... దాని పక్కనే, ఏ పట్టీ ఎక్కడిదో తెలియడానికి పెన్సిలుతో తను రాసుకున్న గుర్తు: 'చెల్లి గది, తలవైపు.' బొటనవేలితో తుడిచేస్తే చాలు, ఎముక పెట్టింది తనేనని ఎవరికీ తెలియదు. వేలు దాని మీదకు వెళ్లి ఆగిపోయింది.

పట్టీని ఆమె ముందు పెట్టాడు.

"ఇది నేనే పెట్టానమ్మా. తెలిసే పెట్టాను."

ఫెళఫెళారావం! సత్యం ముందు క్షుద్రశక్తి నిలుస్తుందా? ఎముక పిండిపిండయింది... గుమ్మంలో మాంత్రికుడు గావుకేక పెట్టి, నిలువునా దగ్ధమై, గుప్పెడు బూడిదగా రాలిపోయాడు!

గదిలోకి వెలుతురు వచ్చింది. చెల్లెలు తన సొంత గొంతుతో ఆ పెన్సిలు రాత చదివింది. గీత కూడా పడని గోడను చాలాసేపు చూసింది.

"బిగించిన రోజూ ఇంతే జాగ్రత్తగా బిగించావు కదా అన్నయ్యా" అంది.