ఫార్వర్డ్ మాస్టారి ఆఖరి పరీక్ష

తెర మీద పగుళ్లిచ్చిన వంతెన ఫొటో కనబడగానే నాకు చెమటలు పట్టాయి.

"ఇది మన వంతెన కాదు. ఎక్కడిదో, తొమ్మిదేళ్ల కిందటిది," అంది ట్రైనర్ మేడమ్. "మొన్న ఎవరో కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది నమ్మి, వంతెన దాటడానికి భయపడి అరవై మంది పిల్లలు రెండు రోజులు స్కూలు మానేశారు."

ఫోన్లలో వచ్చే వార్తల్లో నిజమెంతో తేల్చుకోవడం నేర్పడానికి, టీచర్లకీ కాలనీ పెద్దలకీ మా స్కూలు లైబ్రరీలో పెట్టిన నాలుగు రోజుల ట్రైనింగ్ అది. నేను అక్కడే సైన్సు చెబుతాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఊరుకోలేక లేచాను.

"పాపం, మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారండీ."

"మంచి ఉద్దేశం ఉంటే ఒక్క ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదండీ."

"అందరికీ అంత తీరిక ఉంటుందా?"

"పంపడానికి ఉంది కదా."

కాలనీ ప్రెసిడెంటుగా ఉన్న, రిటైరైన పోస్ట్‌మాన్ తాతగారు, తాపీగా కళ్లజోడు తుడుచుకున్నారు. "ఆ పెట్టింది ఈయనేనమ్మా. మేమంతా ఫార్వర్డ్ మాస్టారంటాం."

గదంతా నవ్వింది. మేడమ్ మాత్రం గబుక్కున బోర్డు వైపు తిరిగింది. నవ్వు ఆపుకోలేక ఆమె భుజాలు కదులుతున్నాయి. సరిగ్గా అక్కడే నా పని అయిపోయింది.

బోర్డు మీద రాసింది మూడే ముక్కలు. ఎప్పటిదో చూడు. సంబంధించిన మనిషినే అడుగు. ఇంకోచోట కూడా కనుక్కో. ఈ మూడూ అయ్యేదాకా ఎవరికీ పంపొద్దు అంది.

ఆ సాయంత్రం నుంచే ఆ అరవై ఇళ్లకీ తిరిగి తప్పు ఒప్పుకోవడం మొదలుపెట్టాను. పగలు మాత్రం ముందు వరసలో కూర్చుని అక్కర్లేని సందేహాలన్నీ అడిగేవాణ్ణి. ఆమె విసుక్కుంటూనే చెప్పేది. మూడో రోజు తన ఫ్లాస్కులో టీ కూడా పోసిచ్చింది.

నాలుగో రోజు టీ టైముకి వాన పట్టుకుంది. వరండాలో ఉండగా మా ట్రైనింగ్ గ్రూపులోకి తాతగారి నుంచి ఫొటో వచ్చింది. పూలగుత్తితో మేడమ్, పక్కన పొడుగాటి కుర్రాడు. కింద, "మన మేడమ్ గారికి సంబంధం కుదిరింది."

రెండు నిమిషాల్లో ఇరవై ముగ్గురు అభినందనలు పెట్టేశారు. ఏడవలేక నవ్వుతూ నేనూ టైపు చెయ్యబోయాను. అప్పుడు ఫొటోలో గోడ మీది క్యాలెండర్ కనిపించింది. మూడేళ్ల నాటిది.

లోపలికి వెళ్లాను. ఆమె సర్టిఫికెట్ల మీద సంతకాలు చేస్తోంది.

"ఒక వార్త కనుక్కోవాలండీ. ఇది నిజమేనా?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "అతను మా అన్నయ్య. నా డిగ్రీ చేతికొచ్చిన రోజు తీసింది. గ్రూపులో పెట్టమని తాతగారికి ఇచ్చింది నేనే. ఇదే ఆఖరి పరీక్ష. అడగడానికి వచ్చింది మీరొక్కరే. పాసయ్యారు."

"పాసవ్వాలని అడగలేదండీ. నిజం కాకూడదని అడిగాను."

ఆమె మళ్లీ పెన్ను అందుకుని సర్టిఫికెట్ల మీదికి వంగింది.

"ఇది ఎప్పటిది?" అంది, తలెత్తకుండా.

"మీరు వంతెన ఫొటో చూపించిన నాటిది."

"ఎవరికైనా పంపారా?"

"లేదండీ. సంబంధించిన మనిషికే ముందు చెబుతున్నా. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నా వైపు నుంచి కూడా నిజమేనండీ. కానీ ఇంకోచోట కనుక్కోవాలి కదా. ఆదివారం వచ్చి మా అమ్మని అడగండి."

ఆదివారం వాళ్లమ్మగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. మేడమ్ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

"ఆ వంతెన ఫొటో పెట్టింది నువ్వేనా బాబూ?"

ఇక సంబంధం పోయినట్టే అనుకున్నాను. అయినా అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "నేనేనండీ. తప్పయింది. ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చాను."

ఆవిడ వంటింటి వైపు ఓ చూపు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "నేనూ ఓ పది మందికి పంపాను నాయనా. మా అమ్మాయికి మాత్రం చెప్పకు. ఈ ఇంట్లో నాకూ ఒక తోడు కావాలి. అల్లుడిగా నువ్వే సరి."

"వినబడుతోందమ్మా," అంది లోపలి నుంచి మేడమ్. "ఆ పది మందికీ ఇవాళే ఫోన్ చెయ్యి."

కాబోయే అత్తగారి ఫోన్లో నంబర్లు వెతికిపెట్టే పని నాకు పడింది.