గాలి లేని పూట ఒరిగిన పడవ

నవంబరు పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం రెండుంబావు. ఆ వేళకి ఆమె మేడమీది పొడుగాటి గదిలో, నేలంతా పరుచుకున్న తెరచాప మధ్య కూర్చుని, చిరిగిన అంచుకి మైనం రాసిన దారంతో కుట్టు వేస్తోంది. ఆ రేవులో తెరచాప పడవలున్న వాళ్ళకి ఆమె చెయ్యంటే గురి. "ఆవిడ కుట్టింది గాలికి చిరగదు, గాలే చిరగాలి" అనేవారు.

కూతురు మెట్లెక్కి వచ్చింది. నోరు ఊరుకోదని ఇంట్లో అందరూ దాన్ని పిచ్చుక అనే పిలుస్తారు.

"అమ్మా, బాబాయ్ పడవ బయటికి తీస్తున్నాడు. నువ్వూ రా. ఒక్కసారి ఎక్కి చూసి తర్వాత తిట్టు."

"తిట్టడానికి ఎక్కాలా? ఇక్కణ్ణుంచే వినపడేలా తిట్టగలను."

"నేనెల్లుండి వెళ్ళిపోతాను. అప్పుడు ఎవర్ని తిడతావ్?"

సూది ఆగిపోయింది. ఎల్లుండి తన ఒక్కగానొక్క పిల్ల ఆ మరిదితో, ఆ పడవలోనే మహాసముద్రం దాటబోతోంది. వద్దని చెప్పి చెప్పి ఆమె గొంతు పోయింది. పిల్ల తండ్రిపోలిక, సముద్రం అంటే చెవులు మూసుకుపోతాయి.

ఆమె భర్తా, మరిదీ ఒకే కప్పు కింద పెరిగిన అన్నదమ్ములు. అన్నది తెరచాప పడవ, తమ్ముడిది మోటారు పడవ. అన్నం తింటూ కూడా అదే గొడవ. "నీ పడవ తాగుబోతురా, డీజిల్ పొయ్యందే అడుగు వెయ్యదు" అనేవాడు అన్న. "నీది గాలి సంసారం అన్నయ్యా, గాలొస్తే పయనం, లేకపోతే శయనం" అనేవాడు తమ్ముడు. నవ్వుకుంటూనే అనుకునేవారు. చివరికి పందెం కాదు, ఒప్పందం అని ఇద్దరూ ఒకేసారి మహాసముద్రం దాటడానికి బయల్దేరారు. ముందున్నవాడు వెనకవాడి కోసం ఆగాలి. రోజూ పొద్దుగూకే వేళకి రేడియోలో పలకరించుకోవాలి. అదీ మాట.

తమ్ముడొక్కడే తిరిగొచ్చాడు. "ఓ సాయంత్రం రేడియో పలకలేదు వదినా. వెతికాను. దొరకలేదు" అన్నాడు. ఇన్నేళ్ళుగా అదే మాట, అక్షరం పొల్లు పోకుండా. నిజం చెప్పేవాడికి మాట ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. అప్పజెప్పిన పాఠమే ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. భగవంతుడు ఎవరి కడుపులోనూ అంత మంట పెట్టకూడదు. ఆమె దాన్ని దాచుకునే పూజ చేసుకుంది, దాచుకునే అతనికి అన్నం వడ్డించింది.

"పద" అంది సూది గుచ్చేసి.

రేవు గోడ దాటేసరికి పొగమంచు పట్టింది. మరిది స్టీరింగు గదిలో నిలబడి ఇది చూడు, అది చూడు అంటూ ఉత్సాహంగా చూపిస్తున్నాడు. మెత్తటి సోఫాలు, ఫ్రిజ్, వేడినీళ్ళు.

"తెరచాపలో అయితే తడుస్తూ తాడు లాక్కోవాలి వదినా. దీన్లో పిల్ల మహారాణిలా కూర్చోవచ్చు."

"మహారాణిని ఎక్కడ వదిలేసి వస్తావయ్యా మరిదిగారూ?"

"అమ్మా!" అంది పిచ్చుక.

అతని మొహం నల్లబడింది. మాట మార్చడానికన్నట్టు ఇంజను ఆపేశాడు. "చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో."

నిజంగానే నిశ్శబ్దం. మంచు కిటికీల మీదికి వచ్చి ఆనుకుంది. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. ఇంజను ఆగిన మోటారు పడవ అటూ ఇటూ ఊయలలా ఊగాలి. ఆమె ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది, ఊపు కోసం కాచుకుని.

పడవ ఊగలేదు.

మెల్లగా... ఎడమ పక్కకి ఒరిగింది. ఒరిగి, అలాగే నిలబడిపోయింది.

ఆ ఒరుగు ఆమెకి తెలుసు. పెళ్ళైన కొత్తల్లో ఆయన ఆమెని మొదటిసారి సముద్రం మీదికి తీసుకెళ్ళినప్పుడు కెవ్వుమని అరిచింది. "భయపడకే, గాలి పట్టింది. తెరచాప పడవ ఇలా వాలే నడుస్తుంది" అని నవ్వాడాయన.

తడిసిన మందపు గుడ్డ వాసన. దాని వెనకే మైనం వాసన... ఆమె వేళ్ళకి ఉండేదే.

నెత్తి మీద, తెరచాప కొయ్యా తాడూ ఏమీ లేని చోట, పెద్ద గుడ్డ ఒకటి ఫట్‌మని బిగుసుకుంది. పక్కనుంచి నీళ్ళు గలగలమని వెనక్కి పోతున్నాయి. ఇంజను లేదు. పడవ నడుస్తోంది. ఒడ్డు వైపు కాదు.

మరిది స్టీరింగు తిప్పాడు. రెండు చేతులతో తిప్పాడు. తాళం చెవి మెలేశాడు. ఇంజను కిక్కురుమనలేదు.

"వదినా..." గుసగుసగా అన్నాడు. "ఆ చప్పుడు... నీకూ వినపడుతోందా?"

"నాకు వినపడ్డం సంగతి కాదు. ఆ రోజు నీకు వినపడిందా లేదా? అది చెప్పు."

"ఏది?"

"ఆయన పిలుపు."

పడవ ఇంకాస్త ఒరిగింది. నీళ్ళు కిటికీ అంచు దాకా వచ్చాయి. పిచ్చుక తల్లి చెయ్యి పట్టుకుంది.

"వినపడింది" అన్నాడతను. "తెరచాప కొయ్య విరిగిందన్నాడు... వెనక్కి రమ్మన్నాడు. వెనక్కి వెళ్తే డీజిల్ చాలదు వదినా, నేనూ చేరేవాణ్ణి కాదు... పిలుస్తూనే ఉన్నాడు. మర్నాడూ పిలిచాడు. భరించలేక... రేడియో ఆపేశాను."

"బాబాయ్..." అంది పిల్ల.

ఆమెకి ఒళ్ళంతా నిప్పయింది. ఆ క్షణాన అతని మెడ పట్టి నీళ్ళలో ముంచినా పాపం అనిపించదేమో. పైన తెరచాప పట్టిన తన భర్త కూడా అదే అనుకుంటున్నాడు. పడవ ఒరుగుతూనే ఉంది. ఆయన కోపం ఆమెకి తెలుసు. రాదు, వస్తే పోదు.

తలుపు లాగి డెక్ మీదికి పాకింది. పైకి చూసింది. మంచు తప్ప ఏమీ లేదు.

"ఏవండీ!" జన్మలో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తి అరిచింది. "మీ తమ్ముడితో మీరేం తేల్చుకుంటారో తేల్చుకోండి, నేనడ్డురాను! మీ కూతురుందండీ ఇందులో! కోపమొస్తే కళ్ళు కూడా పోతాయా మీకు? దించండి! తెరచాప దించండి ముందు!"

గలగల ఆగింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పైనుంచి గుడ్డ జారుతున్న చప్పుడు... మడత మీద మడత... ఎవరో ఓపిగ్గా దించుతున్నట్టు. పడవ నిటారుగా లేచింది. అటూ ఇటూ ఊగింది. తాళం చెవి ముట్టుకోకుండానే ఇంజను మొదలైంది.

పడవ రేవు చేరింది. మెట్లెక్కాక పిచ్చుక, "ఆయన్ని ఇంక బాబాయ్ అనమనకు నన్ను" అంది.

మర్నాడు పొద్దున పిల్ల సర్దుకున్న సంచీ విప్పి బట్టలు బీరువాలో పెట్టేసింది. ఆమె స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని కిందికొచ్చి, వేరే పొయ్యి ఎప్పుడు పెట్టుకోవాలో తోటికోడలితో చెప్పింది. రాత్రే మొగుడి నోటి నుంచి అంతా విన్న ఆ తోటికోడలు, ఏడ్చి ఉబ్బిన కళ్ళతో అందరికీ టీ పోసింది. మరిది బల్ల చివర కూర్చున్నాడు. పడవ అమ్మేస్తున్నానని గోడతో చెప్పాడు.

"గ్లాసు సరిగ్గా పెట్టుకోండి, ఒలుకుతుంది" అంది అతని భార్య.

గ్లాసు సరిగ్గానే ఉంది. అందరి గ్లాసుల్లోనూ టీ తిన్నగా ఉంది. అతని గ్లాసులో మాత్రం ఎడమ అంచు దాకా ఎగబాకి, వాలి, అలాగే నిలబడి ఉంది. అతను గ్లాసుని గుండ్రంగా తిప్పాడు. టీ తిరగలేదు. సముద్రం వైపే వాలి ఉంది.

తోటికోడలు ఆ గ్లాసు తీసుకెళ్ళి తొట్లో వొంపేసింది. మరో గ్లాసు కడిగి, మళ్ళీ పోసి, అతని ముందు పెట్టింది.

ఈసారి ఇంకాస్త ఎక్కువ ఒరిగింది.