కంకణదుర్గం బూడిద జ్వరం

కంకణదుర్గం కోటను చుట్టి పారే కాలువ ఒక వేసవిలో ఉన్నట్టుండి ఎండిపోయింది. ఆ నెలలోనే రాజ్యంలోకి బూడిద జ్వరం వచ్చిపడింది. ముందు ఒక వేలి కొస బూడిదరంగుకు తిరిగేది. తరువాత ఒళ్లంతా కాలిపోయేది. ఆ రంగు చేతిమీదుగా పాకి గుండెను తాకిందంటే, మనిషి కొయ్యబారి, తెల్లారేసరికి బూడిదకుప్పగా రాలిపోయేవాడు. వైద్యులు మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. కాలువ సంగతి చూసి రమ్మని రాజు వీరకేతుడు నిప్పులగుట్టకు పంపిన సైనికుల్లో ఒక్కడూ తిరిగి రాలేదు. దిక్కుతోచని రాజు, వేలు రంగు మారినవాళ్లందరినీ కోట బయటి పాత ఏనుగుసాలలోకి తోలెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు.

రాజుకు ఒక్కతే కూతురు. పేరు కువలయ. ఒక ఉదయం తల దువ్వుకుంటుండగా ఆమెకు తన చిటికెనవేలి కొస అద్దంలో బూడిదగా కనిపించింది. వేలికి గోరింటాకు పెట్టుకుంది, చెంగు చుట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. కాని ఒకనాడు దాది ఆ చెంగు విప్పి చూసింది. చూసి, వెనక్కి వెనక్కి నడిచి గది దాటిపోయింది. సాయంత్రం రాజు వచ్చాడు. గడప ఇవతలే ఆగిపోయాడు. తన బిడ్డ కోసం ఆజ్ఞ మారిస్తే జనం ఊరుకోరని ఏడుస్తూ చెప్పాడు. చీకటి పడకముందే కోట దొడ్డివాకిలి కువలయ వెనక మూసుకుంది.

ఏనుగుసాలలో మూలుగులు, కాలిన వాసన. ఎవరిదో చెయ్యి ఆమె పాదాన్ని తాకింది. కువలయ గోడకు అతుక్కుపోయింది. అప్పుడు అతుకుల తెల్ల అంగీ వేసుకున్న పొట్టి మనిషి ఒకాయన గంజికుండతో ఆమె దగ్గరకు వచ్చాడు. ఆయన ఆ పక్కనే ఉన్న చిన్న చర్చి గురువు, ఇన్నయ్య స్వాములవారు. అక్కడ జ్వరం లేనివాడు ఆయన ఒక్కడే. ఎవరూ తోలకుండా వచ్చినవాడూ ఆయన ఒక్కడే. రోగుల ఒళ్లు వేపాకు నీళ్లతో కడిగేవాడు, గంజి తాగించేవాడు. చనిపోయినవాళ్ల బూడిదను తన చేతులతోనే కుండలోకి ఎత్తి, చర్చి వెనక పాతిపెట్టి, పేరు చెప్పి ప్రార్థన చేసేవాడు.

"పేరేమిటి తల్లీ?" అని అడిగాడు ఆయన.

"రాకుమారిని."

"అది కాదమ్మా, పేరు."

చెప్పింది. ఆయన ఆమె బూడిదవేలిని పట్టుకుని కడగడం మొదలుపెట్టాడు. జ్వరం బయటపడ్డాక ఆమె చెయ్యి పట్టుకున్న మొదటి మనిషి ఆయనే. కువలయకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి, మీకు భయం లేదా అని అడిగింది.

"ఎందుకు లేదమ్మా. పొద్దున లేవగానే ముందు నా వేళ్లే చూసుకుంటాను. ప్రార్థన ఆ తరవాతే" అన్నాడు స్వాములవారు.

మరుసటి రోజు ఒక కాపలావాడు గోడ అవతల నుంచి రహస్యంగా కబురు చెప్పాడు. పొద్దు గూకగానే మనుషులతో సహా ఏనుగుసాలకు నిప్పు పెట్టమని మంత్రి ఆజ్ఞ ఇచ్చాడట. సాలలో గోలగోలగా ఏడుపులు లేచాయి. అప్పుడు గురవయ్య అనే ముసలి అడవికాపరి, మంచంలోంచి లేవకుండానే తనకు తెలిసింది చెప్పాడు. నిప్పులగుట్ట మీద కాలువకు నీరిచ్చే ఊట ఉంది. భస్మాక్షి అనే రాక్షసి దాని నోటికి బండ అడ్డం పెట్టి కూర్చుంది. జ్వరం ఆమె ఊపిరే. ఆ బండ దొర్లితే నీళ్లు వస్తాయి, జ్వరం పోతుంది.

ఉంటే మంటలు, వెళితే రాక్షసి. స్వాములవారు ఎక్కువసేపు ఆలోచించలేదు. లేవలేనివాళ్లను గడ్డిబండ్ల మీద పడుకోబెట్టాడు. కబురు చెప్పిన కాపలావాడు తలుపు తీస్తే, నడవగలిగినవాళ్లు బండ్లు లాగారు. మొదటి బండి కాడి ఆయనే భుజానికి ఎత్తుకున్నాడు. వాళ్లు అడవి అంచుకు చేరేసరికి వెనక ఏనుగుసాల భగ్గుమంది.

మొదట వచ్చింది పిలుపుల అడవి. అక్కడ చెట్లు మన అనుకున్నవాళ్ల గొంతుతో పిలుస్తాయి. "కువలా, నీ వేలు నయమైపోయింది. వాళ్లను వదిలేసి నా దగ్గరికి రా" అని చనిపోయిన తల్లి గొంతు వినబడితే కువలయ ఆగిపోయింది. కుమ్మరి పైడమ్మకు తన బిడ్డ పిలుపు వినిపించింది. ఆమె బండి వదిలి చెట్లలోకి పరుగెత్తింది. స్వాములవారు ముళ్లలో అంగీ చిరిగిపోతున్నా వెంటపడి ఆమె చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. ఆ తరువాత గొంతెత్తి కీర్తన పాడసాగాడు. ఆయన గొంతు బొంగురు, రాగం అసలే రాదు. అయినా అందరూ ఆ పాటనే పట్టుకుని అడవి దాటారు.

అవతల ఇరుకైన లోయ. దారికి అడ్డంగా తాటిమాను లావున కొండచిలువ పడి ఉంది. దాని కళ్లు చూసి కువలయ బండి చాటుకు నక్కింది.

"ఎలాగూ చచ్చేవాణ్ణి ఒకణ్ణి వదిలి పోండి. మిగతావాళ్లకు దారి ఇస్తాను" అంది కొండచిలువ.

"నన్ను వదిలెయ్యండి సామీ. రేపటికి నేనుండనుగా" అన్నాడు గురవయ్య.

చిన్నప్పటి నుంచీ పామంటే స్వాములవారికి ప్రాణభయం. అయినా వెళ్లి గురవయ్య పక్కన చతికిలబడ్డాడు. "ఇతణ్ణి వదలను. మింగితే మా ఇద్దరినీ కలిపి మింగు" అన్నాడు.

కొండచిలువ తల వంచింది. దాని మెడ చుట్టూ బూడిదరంగు పట్టీ కువలయకు కనిపించింది. దీనికీ జ్వరమే అని ఆమె స్వాములవారి చెవిలో చెప్పింది. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, గుడ్డ తడిపి దాని మెడ కడిగాడు. కువలయ కుండ పట్టుకుంది. పాము ఊపిరి వేడిగా ఆమె మోచేతికి తగులుతూనే ఉంది. కాసేపటికి పాము నిదానంగా పక్కకు జరిగింది. భస్మాక్షి చూపు సోకితే జ్వరం లేనివాళ్లు నిలువునా బూడిదైపోతారని, సైనికులు అలాగే పోయారని చెప్పింది. ఒకసారి బూడిదైన ఒంటిని మాత్రం ఆ చూపు ఏమీ చెయ్యలేదంది.

నిప్పులగుట్ట కింద బండ్లు ఆగాయి. స్వాములవారు పైకి అడుగు వేయబోతే కువలయ అడ్డం నిలబడింది.

"మీ ఒంటి మీద బూడిద లేదు. మీరు రాకూడదు" అంది.

ఆయన బండరాయి చాటున ఆగిపోయాడు. అక్కడి నుంచి ఒక్కొక్కరి పేరూ పిలుస్తూ ఉంటానని, ఆ పిలుపు వింటూ ఎక్కమని చెప్పాడు.

కువలయ చెయ్యి అప్పటికి మోచేతి దాకా బూడిదైంది. ఆ చేతిని మొహానికి అడ్డం పెట్టుకుని ఎక్కింది. వెనక గురవయ్య, పైడమ్మ, మరికొందరు పాకుతూ వచ్చారు. పైన పొగలో రెండు నిప్పుకళ్లు తెరుచుకున్నాయి.

"కన్నతండ్రే నిన్ను పారేశాడు. వాడి ఊరికి నీళ్లు నీకెందుకే?" అంది భస్మాక్షి.

కువలయ వెళ్లి బండకు భుజం ఆనించింది. బండ కదలలేదు. మిగతావాళ్లూ వచ్చి తోశారు. రాక్షసి గోళ్లతో విసిరికొడితే పైడమ్మ గుట్ట దిగువకు దొర్లిపోయింది. కింది నుంచి "గురవయ్యా... పైడమ్మా... కువల" అన్న పిలుపు మధ్యలో తెగిపోయింది.

ఆ నిశ్శబ్దం కువలయను రాక్షసి కన్నా ఎక్కువ భయపెట్టింది. ఏడుస్తూ, ఉన్న బలమంతా పెట్టి తోసింది. బండ కదిలింది, దొర్లింది. నీళ్లు ఉరికి వచ్చి భస్మాక్షిని ముంచెత్తాయి. ఆ పెద్ద ఆకారం చూస్తుండగానే బురదగా కరిగిపోయింది.

కువలయ కిందికి పరుగెత్తింది. స్వాములవారు రాతి చాటు విడిచి బయటికి వచ్చి, పైడమ్మ మీద అడ్డంగా పడి ఉన్నాడు. ఆమె బతికే ఉంది. రాక్షసి చూపు ఓరగా సోకి ఆయన ఎడమచెయ్యి, ఛాతీ బూడిద అయిపోయాయి. ఊపిరి లేదు. అందరూ దోసిళ్లతో నీళ్లు తెచ్చారు. ఆ నీళ్లు తగిలిన చోటల్లా వాళ్ల ఒంటి మీది బూడిద చెరిగిపోయింది. ఆయన తమను కడిగినట్టే ఆయన్ను కడిగారు. ఎంతసేపు కడిగినా కదలిక లేదు. కువలయ మానలేదు. చివరికి ఒక దగ్గు వినిపించింది.

"పైడమ్మ ఉందా?" అని అడిగాడు ఆయన.

వాళ్లు కోట చేరకముందే కాలువ నీళ్లు చేరాయి. ఆ నీళ్లు తాగి జనం కోలుకుంటున్నారు. రాజు వీరకేతుడు వాకిట్లో నిలబడి కూతురి మొహం చూడలేకపోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది, కాని క్షమించానని అప్పుడే అనలేదు. రాజు కిరీటం తీసి ఆమెకు ఇచ్చాడు. ఏం కావాలని కువలయ అడిగితే, కాలిపోయిన ఏనుగుసాలకు పెంకులు వేయించమన్నాడు స్వాములవారు. నీరసం తగ్గనివాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. వాళ్లకు గంజి పొయ్యడానికి మాజీ రాజు రోజూ వచ్చేవాడు. మొదటిరోజు గుమ్మంలోనే ఆగిపోతే, స్వాములవారు గరిటె చేతికిచ్చాడు.

కువలయ చాలాకాలం రాజ్యం ఏలింది. ఆమె ఏలుబడిలో మరికొన్ని జబ్బులు వచ్చాయి, జనం భయపడ్డారు, ఆమె కూడా భయపడింది. కోట తలుపు మాత్రం ఎవరి మీదా మూసుకోలేదు.